పాటకొక ఊరు కావాలి

(బిజినేపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఏ టీచరమ్మ పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆమెకు తన పేరు మైకులో వినబడటం నచ్చేది కాదు. అది మీలో చాలామందికి తెలుసు. కనుక ఆమెను పొగిడే పని పెట్టుకోను. ఆమెకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది, దాన్నే పట్టుకుంటాను. ఏ కృతి నేర్పినా ముందుగా పిల్లల్ని అడిగేవారు: ఈ పాట మన దాకా ఎవరెవరి నోళ్ళ మీదుగా వచ్చింది? ఎవరు ఎవరికి చెప్తే వచ్చింది? రాగలక్షణం ఆ తర్వాతే. ఇవాళ అదే ప్రశ్నను తరిగొండ వెంగమాంబ పాటను అడుగుదాం.

వెంగమాంబకూ మనకూ చుట్టరికం ఏమిటని అనుకోవచ్చు. ఆమెది రాయలసీమ, మనది పాలమూరు. చుట్టరికం ఉంది. అయితే అది నంది వడ్డెమాన్ మీదుగా కలుస్తుంది. శని త్రయోదశికి నూనె సీసాలు పట్టుకుని మనం వెళ్ళే ఆ ఊరే ఒకప్పటి వర్ధమానపురం. కాకతీయుల కాలంలో గోన వంశం వాళ్ళు ఏలిన చోటు. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి ఆ వంశం వాడు. యుద్ధకాండ దాకా రామకథను ఆయన ద్విపదలో కట్టాడు. ద్విపద కళ్ళతో చదివి పక్కన పెట్టేది కాదు, నోటితో పాడుకునేది. తాళం చేతిలో ఉంటే చాలు, చదువు లేనివాడి నోట కూడా అది నడుస్తుంది. తోలుబొమ్మలాట వాళ్ళు తెర వెనక కూచుని తరతరాలుగా పాడింది ఆ రామాయణాన్నే. వెంగమాంబ భాగవతం చెప్పిందీ ఆ ద్విపదలోనే.

బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. మల్యాల గుండన భార్య. 1276లో బూదపురంలో, అంటే మన భూత్పూరులో, శాసనం వేయించింది. మొల్ల కంటే రెండు వందల ఏళ్ళకు పైగా ముందటి మనిషి. తెలుగులో తొలి కవయిత్రి ఈమేనని పరిశోధకులు అంటారు. ఆమె కవిత్వంలో మనకు మిగిలింది ఎంత? పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరంలో ఆమె పేర ఉన్న ఒక్క పద్యం. ఏలిక ఇంటి ఆడబిడ్డ, రాతి మీద మాట చెక్కించగల స్తోమత ఉన్న మనిషి, ఆమెకే ఒక్క పద్యం దక్కింది. అదైనా ఆమె మీద గౌరవంతో దాచింది కాదు. సంకలనం చేసేవాడికి వర్ణన పద్యాలు కావలసి వచ్చాయి, వాటిలో ఇదీ చేరింది.

ఇది గుర్తుంచుకుని వెంగమాంబ దగ్గరికి వెళ్దాం.

1730 ప్రాంతంలో పుట్టింది. ఊరు తరిగొండ, గుర్రంకొండకు దగ్గర. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. ఆ రోజుల్లో అందరికీ చేసినట్టే చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. భర్త ఇంజేటి వేంకటాచలపతి తొందరగానే పోయాడు. గాజులు పగలగొట్టాలి, బొట్టు తుడవాలి, తల గొరిగించాలి అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తన మొగుడు వేంకటేశ్వరుడే, ఆయనకు చావు లేదు, కనుక తనకు వైధవ్యం లేదంది. పుష్పగిరి పీఠాధిపతిని పిలిపించి చెప్పించినా వినలేదని కథ. ఆయనకు నమస్కారం పెట్టమంటే, ముందు ఆ పీఠం మీంచి లేవమని అడిగి, ఖాళీ పీఠానికి మొక్కిందట, పీఠం భగ్గుమందట. కథలో మంట ఎంతవరకు నిజమో వదిలేద్దాం. ఒక బాలవితంతువు మఠాధిపతికి ఎదురు మాట్లాడిందన్న సంగతిని జనం రెండు వందల ఏళ్ళుగా ముచ్చటపడి చెప్పుకుంటున్నారు. నాకు అది చాలు.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర యోగం నేర్చుకుంది. తరిగొండ గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనక ధ్యానంలో కూచుంటే పూజారి జుట్టు పట్టి బయటికి ఈడ్చాడని చెప్తారు. ఆ తర్వాత ఊరు విడిచి తిరుమల కొండ ఎక్కింది. హాథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆదరించాడు. కొంతకాలం తుంబురు కోనలో ఒంటరిగా తపస్సు చేసుకుంది. మళ్ళీ కొండ మీదికి వచ్చి తులసివనం పెంచింది, నృసింహ జయంతికి యాత్రికులకు అన్నం పెట్టింది, చలిపందిళ్ళు వేయించింది. అవి నెమ్మదిగా గడిచిన రోజులేం కావు. సీమలో మైసూరు వాళ్ళు, ఆర్కాటు నవాబులు, పాళెగాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నారు. గుర్రంకొండ 1800లో దత్తమండలాలతో పాటు కుంపిణీ చేతిలో పడింది. మరుసటి ఏడాది తిరుమల గుడి పెత్తనం కూడా కుంపిణీదే అయింది. వెంగమాంబ 1817లో కొండ మీదే కన్నుమూసింది. బృందావనం అక్కడే ఉంది.

ఈ బతుకు కథ మనకు కొంత తెలుసు. 2009లో మీనా నటించిన సినిమా కూడా వచ్చింది. 2011 నుంచి తిరుమలలో లెక్కలేనంతమంది యాత్రికులు ఆమె పేరు పెట్టిన అన్నప్రసాద భవనంలోనే విస్తరి ముందు కూచుంటున్నారు. పేరు తెలియక కాదు, ఆ పేరు పక్కన ఏం గుర్తుకు రావాలో మరిచిపోయాం. అన్నం గుర్తుంది. హారతి గుర్తుంది. పాట కట్టిన మనిషిగా ఆమె గుర్తు లేదు.

హారతి గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు కదలలేను. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని నానుడి. రాత్రి ఏకాంతసేవలో స్వామి నిద్రపోయే ముందు అన్నమయ్య వంశం వాళ్ళు లాలి పాడతారు, వెంగమాంబ పేర ముత్యాల హారతి పడుతుంది. పళ్ళెంలో ముత్యాలతో అవతారాల ఆకారాలు తీర్చి పట్టే హారతి అది. ఇప్పుడు మన ఇళ్ళలో పేరంటాలను తలుచుకోండి. హారతి పళ్ళెం ఎవరి చేతికిస్తాం? ముత్తయిదువ చేతికి. భర్త పోయినామె ఎంత పెద్దదైనా, ఎంత దగ్గరిదైనా, ఆ క్షణానికి గోడ పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోకపోతే ఎవరో ఒకరు కంటితో సైగ చేస్తారు. పాలమూరులో అలా జరగదని ఎవరైనా అంటే నేను నమ్మను. అలాంటి దేశంలో, మూడు లోకాలను ఏలేవాడని మనం మొక్కే దేవుడికి రోజు చివర పట్టే హారతి, లోకం విధవ అన్న మనిషి పేరు మీద నడుస్తోంది. రెండు వందల ఏళ్ళకు పైగా నడుస్తోంది. ఇంత పెద్ద సంగతిని మనం భక్తి కథలో కలిపేసి, చల్లగా దాటిపోయాం.

సరే, పాట.

ఆమె రచనలు 18 దాకా లెక్కిస్తారు. నృసింహ శతకం, వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగామృతసారం, కృష్ణమంజరి, తత్త్వకీర్తనలు. సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళు వీటి దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. చిన్నప్పుడు ఓనమాలైనా నేర్చుకోలేదని, ఛందస్సు చదవలేదని ఆమె తన గురించి చెప్పుకున్న మాటలు ఎత్తి చూపుతారు. ఇందులో నాకో ఇబ్బంది ఉంది. చదువు లేకుండా రాసిందంటే దేవుడు రాయించాడంటాం, అక్కడితో ఆమె పనితనం చూడాల్సిన బాధ్యత తీరిపోతుంది. పోతన కూడా పలికించేవాడు రాముడన్నాడు. పోతన పద్యాన్ని మాత్రం యతి యతికీ ప్రాస ప్రాసకీ విడదీసి చూస్తాం.

ఆమె పనితనం ఎక్కువగా ఉన్నది యక్షగానాల్లో. నృసింహ విలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం, విష్ణుపారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం, గొల్లకలాపమని కూడా పిలిచే గోపికా నాటకం. ఇన్ని యక్షగానాలు కట్టిన ఆడమనిషి తెలుగులో ఇంకొకరు నాకు కనిపించరు. అంతకు ముందటి శతాబ్దంలో తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. ఆమెకు కొలువు ఉంది, మేళం ఉంది, ఆడే మనుషులు ఉన్నారు, చూసే రాజు ఉన్నాడు. వెంగమాంబకు వీటిలో ఒక్కటీ లేదు. అయినా నాటకాలు కడుతూనే ఉంది. శతకం చాలు, కీర్తన చాలు, ఇంత మందితో ఆడవలసిన నాటకం ఎందుకు ఎత్తుకుందని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆమె చెప్పదలుచుకున్నది ఒక్క గొంతులో ఇమడలేదని నా ఊహ.

ఎందుకంటే కృతి కట్టేవాడికి ఒక్క గొంతు చాలు. భక్తుడు దేవుడితో మాట్లాడతాడు, దేవుడు ఊరుకుంటాడు. యక్షగానం అలా కాదు. పాత్ర రంగం మీదికి వస్తూ తన ప్రవేశ దరువు తానే పాడుకోవాలి. చెంచు నాటకంలో చెంచిత నడక వేరు, నరసింహుడి నడక వేరు. ఇద్దరి దరువులూ ఒకే పోకడలో ఉంటే నాటకం చచ్చింది. కథను ద్విపద పరుగెత్తిస్తుంది. మధ్య మధ్య వచనం దారం కలుపుతుంది. కందార్థం వస్తుంది, ఏల వస్తుంది, అర్ధచంద్రిక వస్తుంది, పెళ్ళి ఘట్టం రాగానే ధవళమూ శోభనమూ వస్తాయి. వీటిలో సగం ఆడవాళ్ళు ఇళ్ళలో పాడుకునేవే. జంపె, త్రిపుట, అట, ఏక తాళాలు మారుతుంటాయి. తాళం మారితే ఆడేవాడి కాలు మారాలి. వెనక వరసలో గొంగడి పరుచుకుని కూచున్న ముసలాయనకు మాట వినపడాలి కాబట్టి రాగాన్ని మాట మీద పడనివ్వకూడదు. ఆడే మనిషికి ఊపిరి ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో కట్టేవాళ్ళకు తెలియాలి. కచేరీ కృతిలో సంగతి మీద సంగతి వేసుకుంటూ పోవడానికి వీలుంటుంది. దరువులో లేదు. అక్కడ గొప్పతనమంతా పొదుపులో ఉంటుంది. దీన్ని తక్కువ సంగీతమని ఎవరైనా అంటే, త్యాగయ్య కూడా ప్రహ్లాద భక్తి విజయమూ నౌకా చరిత్రమూ కట్టాడని గుర్తు చేయండి.

త్యాగయ్య పేరు వచ్చింది గనుక ఒకసారి ఏళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. శ్యామశాస్త్రి 1762లో, త్యాగయ్య 1767లో పుట్టారు. ముత్తుస్వామి దీక్షితులు ఆ తర్వాత పది పన్నెండేళ్ళలోపు. ముగ్గురూ కళ్ళు తెరిచేనాటికే వెంగమాంబ ముప్పై దాటిన మనిషి. ఆమె పోయేనాటికి త్యాగయ్యకు యాభై. కర్ణాటక సంగీతానికి బంగారు కాలమని మనం చెప్పుకునే రోజుల్లో అరవై డెబ్బై ఏళ్ళు ఆమె తెలుగులోనే పాటలు కడుతూ ఉంది. ఆ కాలం గురించి చెప్పే సంగీత పాఠాల్లో ఆమె పేరు వచ్చిందా? నేను చదువుకున్నప్పుడు రాలేదు. మా పరీక్షల్లో త్రిమూర్తుల గురించి అడిగేవారు, వాళ్ళ శిష్యుల గురించి అడిగేవారు.

శిష్యులు. పాట నిలవడానికి మన దేశంలో ఉన్న మొదటి దారి అదే. త్యాగయ్య పాటను వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు రాసిపెట్టుకున్నారు, కొడుకులకు చెప్పారు. యోగిని అని లోకం మొక్కిన ఆడమనిషి దగ్గరికి దీవెన కోసం జనం వస్తారు, తంబురా పట్టుకుని పాట నేర్చుకోవడానికి ఎవరొస్తారు? రెండో దారి రాగిరేకులు. తాళ్ళపాక వాళ్ళు అన్నమయ్య కీర్తనలను రేకుల మీద చెక్కించి గుడిలో అర కట్టించి దాచారు. ఇరవయ్యో శతాబ్దంలో అవి బయటపడ్డాయి. దాదాపు 14 వేల కీర్తనలు, ఒక్కో దాని పైన రాగం పేరు, స్వరం మాత్రం లేదు. అంటే వరస పోయింది. అయినా మనం ఊరుకోలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కొత్తగా వరసలు కట్టారు, నేదునూరి కృష్ణమూర్తి కట్టారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడారు, బాలకృష్ణప్రసాద్ ఊరూరా వినిపించారు. ఇవాళ అన్నమయ్య పాట రాని సంగీతం క్లాసు లేదు. వరస పోయిన పాటను బతికించడం మనకు చేతగాక కాదు. ఎవరిని బతికించాలో ఎంచుకుంటాం, అంతే.

మూడో దారి ఒకటుంది. దాన్ని చూడాలంటే తంజావూరు జిల్లాలో మెలట్టూరు వెళ్ళాలి. నాయక రాజుల కాలంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు భూమీ నీళ్ళూ ఇచ్చి నిలబెట్టిన ఊరు. వెంగమాంబకు ఇంచుమించు సమకాలికుడైన వెంకటరామశాస్త్రి అక్కడ తెలుగులో యక్షగానాలు కట్టాడు. వాటిలో ప్రహ్లాద చరిత్ర ప్రతి ఏటా నృసింహ జయంతినాడు వరదరాజస్వామి గుడి ముందు రాత్రి మొదలై తెల్లారేదాకా నడుస్తుంది. ఆడేవాళ్ళు వంశపారంపర్యంగా ఆ ఊరి మగవాళ్ళు. ప్రహ్లాదుడి తల్లి లీలావతి కూడా మగవాడే. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ ఆ రోజుకు ఊరు చేరతారు. నరసింహుడి ముఖానికి పూజ చేస్తారు, ఆ ముఖం పెట్టుకునేవాడు ఉపవాసం ఉంటాడు. చూసే జనంలో ఎక్కువమందికి తెలుగు రాదు. అయినా దరువులు, వాటి రాగాలు, వాటి నడక ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి.

ఒకే భాష, ఒకే ప్రక్రియ, ఒకే దేవుడు, ఒకే కాలం. వెంగమాంబ జయంతి చేసేది కూడా నృసింహ జయంతినాడే. ఆయన దరువు బతికింది, ఆమె దరువు పుస్తకంలో రాగం పేరుగా మిగిలింది. ఆయన ఎక్కువ ప్రతిభ ఉన్నవాడా? కావచ్చు, కాకపోవచ్చు, ఆ తీర్పు చెప్పాలంటే రెండూ వినాలి కదా. నాకు కనబడే తేడా ఒక్కటే. ఆయనకు ఊరు ఉంది. ఫలానా రోజు రాగానే ఆడి తీరాలని పట్టుబట్టే ఊరు. వెంగమాంబ తన ఊరు విడిచిపోయిన మనిషి. ఆమె చేరిన కొండ మీద ఉత్సవాలకు లోటు లేదు, యాత్రికులు మాత్రం రెండు రోజులుండి దిగిపోయేవాళ్ళు. ఆమె చేసినవాటిలో రోజువారీ విధిగా ముడిపడినది హారతి ఒక్కటే. నిలిచిందీ అదే.

ఊరి బదులు మఠం ఉన్నా సరిపోతుందని జర్మనీలో ఒక ఆడమనిషి కథ చెప్తుంది. హిల్డెగార్డ్, బింగెన్ అనే పట్టణం దగ్గర సన్యాసినుల మఠానికి పెద్ద. 1098లో పుట్టి 1179లో పోయింది. ఆమె కూడా దర్శనాలు చూసిన యోగినే. పాటలు కట్టింది, 1150 ప్రాంతంలో ఒక సంగీత నాటకం కూడా కట్టింది. సుగుణాలన్నీ స్త్రీలై ఒక జీవుడిని దక్కించుకోవడానికి సైతానుతో పోరాడతాయి. మన ముక్తికాంతా విలాసం పేరు వింటే నాకు అదే గుర్తొస్తుంది. ఆ నాటకంలో అందరూ పాడతారు, సైతాను ఒక్కడికే పాట లేదు. వాడు అరుస్తాడు. చెడ్డవాడికి రాగం ఇవ్వకపోవడం ఎంత తెలివైన పనో చూడండి. మన వాళ్ళు హిరణ్యకశిపుడికి కూడా మంచి దరువే ఇచ్చారు, మనది ఉదారమైన సంప్రదాయం అనుకోవాలి. ముసలితనంలో హిల్డెగార్డ్‌కు చర్చి పెద్దలతో తగవు వచ్చింది. వెలివేసిన మనిషిని మఠం శ్మశానంలో పాతిపెట్టనిచ్చారని, సన్యాసినులు గొంతెత్తి పాడకూడదని 1178లో ఆంక్ష పెట్టారు. ఎనభై ఏళ్ళ ఆమె ఒప్పుకోలేదు. పాటను ఆపేవాళ్ళకు పై లోకంలో పాట దక్కదని ఉత్తరం రాసింది. మరుసటి ఏడాది ఆంక్ష ఎత్తేశారు. ఆమె పాటలను మఠంలోనే స్వర చిహ్నాలతో పుస్తకాలకెక్కించి దాచారు. ఎనిమిది వందల ఏళ్ళకు 1980ల మొదట్లో ఇంగ్లండులో ఒక బృందం వాటిని పాడి రికార్డు చేస్తే లోకమంతా కొనుక్కుంది. ఆమెకు ఇన్ని వందల ఏళ్ళు ఆగగల కాగితం ఉంది. స్వరం రాసుకునే అలవాటు లేని మన పాటకు అంత ఓపిక ఉండదు. ఏటేటా ఎవరో ఒకరు నోరు తెరిచి పాడాలి.

ఇక మన దగ్గరికి వస్తాను. వెంగమాంబ సంగీతం పోయిందని సంగీతం వాళ్ళు అంటారు. పోయింది ఆమె కట్టిన వరస. ఆ వరస నడిచిన బాట పోలేదు. దాన్ని కచేరీ వాళ్ళ దగ్గర వెతికితే దొరకదు, వాళ్ళ చేతిలో అది ఎన్నడూ లేదు. ద్విపదను పాడుకునే పద్ధతి బొమ్మలాట వాళ్ళ నోట్లో ఉంది. తత్త్వాలు పాడే భజన మండళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. తంబురా, చిరుతలు, వీరబ్రహ్మం తత్త్వాలు. ఆమె తత్త్వకీర్తనలు వాళ్ళ చేతికిచ్చి చూడండి, పరాయి పాటలా పట్టుకోరు. ప్రవేశ దరువంటే ఏమిటో బాగోతం ఆడేవాళ్ళకు పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు. చిందు వాళ్ళు ఇప్పటికీ చెంచులక్ష్మి ఆడతారు. నిజామాబాదు జిల్లాలో చిందుల ఎల్లమ్మ వంటి ఆడమనిషి జీవితమంతా ఆ రంగం మీదే గడిపింది. లింగాల మండలం నుంచి పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని తిరిగిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాద్యం మన పిల్లలకు పేరైనా తెలియదు. స్వరం రాసుకోని సంగీతం మన జిల్లాకు కొత్తేమీ కాదు.

అన్నిటికంటే ముందు చెంచు నాటకం. నరసింహుడు నల్లమల అడవిలో చెంచు పిల్లను వలచిన కథ. అహోబిలం వాళ్ళు తమదంటారు, అననీయండి. అమ్రాబాదు, మన్ననూరు దాటి పోతే చెంచు పెంటలు, అంటే వాళ్ళ గూడేలు, మన జిల్లాలోనే ఉన్నాయి. సింగోటం నరసింహుడి జాతరకు మన బండ్లు కడతాం. వట్టెం గుట్ట మీద వెంకన్న ఉన్నాడు. ఆమె తన మొగుడన్న దేవుడూ, ఆమె పుట్టినింటి దేవుడూ ఇద్దరూ మనకు రెండు పక్కలా ఉన్నారు. ఇంకా ఏం కావాలి? ఒకటి కావాలి. చెంచులను వేషంగా చూసే అలవాటు మానాలి. ఆకులు కట్టుకుని ఎగిరే వేషం వేయడానికి మన కాలేజీ పిల్లలు ఎప్పుడూ ముందుంటారు. నాటకం ఎత్తుకుంటే పెంటల నుంచి ఒకరిద్దరిని పిలిచి, తమ ఆడబిడ్డ పెళ్ళి కథ ఎలా చెప్పుకుంటారో ముందు వినండి. దరువు నడక ఎలా ఉండాలో సగం అక్కడే తేలుతుంది.

విద్వాంసులు కోప్పడతారని నాకు తెలుసు. శాస్త్రీయ సంగీతాన్ని బాగోతంలో కలుపుతారా అంటారు. యక్షగానం కొలువులోకి పోయినప్పుడు శాస్త్రీయమైంది, వీధిలోకి వచ్చినప్పుడు బాగోతమైంది, పాడే మనుషులు మారారు. మెలట్టూరులో వీధిలోనే ఆడతారు, శాస్త్రీయమని అందరూ ఒప్పుకుంటారు. అక్కడ ఆడేవాళ్ళ కులం చూసి ఒప్పుకున్నారా, పాట విని ఒప్పుకున్నారా అని అడిగితే మర్యాదగా ఉండదు గానీ, అడగాల్సిన ప్రశ్నే. మరో ఆక్షేపణ కూడా వస్తుంది: కొత్తగా వరస కడితే అది వెంగమాంబ పాట ఎలా అవుతుంది? దానికి అన్నమయ్య కీర్తనలే జవాబు. ఆమె పేర్కొన్న రాగం పట్టుకోండి, ఆమె వేసిన తాళం మార్చకండి, మాట విరిచిన చోట విరవండి. పాట సగానికి పైగా ఆ మాట నడకలోనే ఉంటుంది. మిగిలింది కట్టేవాళ్ళది, అది మాదేనని పైకి చెప్పుకోండి.

నిర్వాహకులు నన్ను ఒక సూచన చేయమన్నారు. పెద్దది చేయను. నృసింహ జయంతి వైశాఖంలో వస్తుంది, బడులకు సెలవులు, పొలం పనులు తక్కువ. ఆ ఒక్క రాత్రి ఈ మైదానంలో చెంచు నాటకం పెట్టండి. మొదటి ఏడు మొత్తం వద్దు, ప్రవేశ దరువులు, పెళ్ళి ఘట్టం చాలు. రెండో ఏడు కొంత కలపండి. హైదరాబాదు నుంచి పెద్ద గాయకులను పిలిచి ఖర్చు పెట్టకండి, వాళ్ళు ఒక ఏడు వస్తారు, రెండో ఏడు తారీఖు కుదరదంటారు. పాలెం ఓరియంటల్ కాలేజీ పిల్లలు సాహిత్యం శుద్ధంగా రాసివ్వాలి. బాగోతం మేళం తాళం పట్టాలి. భజన వాళ్ళు వంత పాడాలి. చెంచిత పాట మన ఊరి ఆడపిల్లే పాడాలి.

హార్మోనియం వాయించే ఆయన ఇక్కడే ఉన్నారు కాబట్టి చివరగా ఒక్క మనవి. మన మేళాల్లో శ్రుతి మగవాళ్ళ గొంతుకు పెట్టేస్తారు, ఆడపిల్ల ఆ శ్రుతిలో కింది స్థాయిలో గొణగలేక, పై స్థాయిలో అరవలేక అవస్థ పడుతుంది. చెంచిత వచ్చినప్పుడు శ్రుతి ఆమెకు పెట్టండి, నాలుగున్నరో ఐదో, ఆ పిల్ల గొంతు చూసి. నరసింహుడు సర్దుకుంటాడు.